హీటరు కొనే ముందు పైకప్పు చూడండి

ఇంటి కరెంటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చలి ముదిరేసరికి కొరాపుట్ కొండల మీద నుంచీ, అటు మహారాష్ట్ర సరిహద్దు నుంచీ హీటర్ల గురించే ఉత్తరాలు వస్తున్నాయి. ఒకే తరహా ప్రశ్నలను కలిపి, ఒక్కొక్కటే తీసుకుని జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది సెమిలిగూడ. శ్లాబు ఇల్లు, పైన మేడ లేదు. అమ్మానాన్నలు పడుకునే గది 10 అడుగులకు 12 అడుగులు. ఇద్దరికీ డెబ్భై దాటాయి. తెల్లవారుజామున చలికి నాన్నగారికి మెలకువ వచ్చేస్తోంది. దుకాణంలో 2000 వాట్ల ఫ్యాన్ హీటరు చాలంటున్నారు. ఆయిల్ హీటరు అడిగితే దానికి నాలుగైదు రెట్లు చెబుతున్నారు. అంత డబ్బు పెట్టాల్సిన అవసరం ఉందా?

జవాబు: మీ అవసరానికి ఉంది. అయితే ఆయిల్ హీటరు (రెక్కల్లో నింపిన నూనెను కాచే రకం) ఎక్కువ వేడి ఇస్తుందని మాత్రం కాదు. ఫ్యాన్ ఉన్నా, నూనె ఉన్నా, ఎర్రగా వెలిగే కడ్డీ ఉన్నా, 1000 వాట్ల కరెంటు తీసుకునే హీటరు 1000 వాట్ల వేడే ఇస్తుంది. 'తక్కువ కరెంటు, ఎక్కువ వేడి' అని పెట్టె మీద రాసుంటే నవ్వి ఊరుకోండి. తేడా అంతా ఆ వేడి గదిలోకి ఎలా చేరుతుంది, ఎంతసేపు నిలుస్తుంది, రాత్రంతా వదిలేసి నిద్రపోవచ్చా అన్న దగ్గరే.

ముందు మీ గదికి ఎంత వేడి కావాలో చూద్దాం. రెండు గోడలు బయటికి ఉన్నాయనీ, పైకప్పు ఎత్తు 10 అడుగులనీ అనుకుందాం. లోపలికీ బయటికీ ఉన్న తేడాలో ఒక్కో డిగ్రీకి ఆ తొమ్మిదంగుళాల ఇటుక గోడల నుంచి 40 వాట్ల దాకా బయటికి పోతుంది. శ్లాబు నుంచి ఇంచుమించు ఇంకో 40. తలుపు, కిటికీ సందుల్లోంచి 10 నుంచి 12. మొత్తం 90 వాట్ల చిల్లర. బయట 8 డిగ్రీలున్న రాత్రి లోపల 18 నిలబెట్టాలంటే 10 డిగ్రీల తేడా, అంటే 900 వాట్లు. ఇళ్లలోని గదులు 18 డిగ్రీలకు తగ్గకుండా ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. పెద్దవాళ్ల గదికి మనమూ అదే లెక్క పెట్టుకోవచ్చు. లెక్కలు వద్దనుకుంటే చదరపు అడుగుకు 10 వాట్లు అనుకోండి. మీ 120 చదరపు అడుగులకు 1200 వస్తుంది, పొరపాటు పోదు.

ఒకసారి వెచ్చబడిన గదిని నిలబెట్టడానికి 1000 వాట్లు సరిపోతాయన్నమాట. కానీ చల్లగా ఉన్న గోడలూ శ్లాబూ మొదటి గంటలో చాలా వేడి పీల్చేస్తాయి. అందుకే 2000 దాకా వెళ్లగలిగి, తర్వాత 800కో 1000కో తగ్గించుకునే వీలున్న హీటరు కావాలి. తొమ్మిది రెక్కల ఆయిల్ హీటరు సరిగ్గా అలాంటిదే. పడుకునే గంట ముందు పెద్ద అంకె మీద పెట్టండి. పక్కెక్కేటప్పుడు చిన్న అంకెకు మార్చి, థర్మోస్టాట్ బుడిపెను నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ 'టిక్' మని ఆగిన చోట వదిలేయండి. ఆ తర్వాత గది చల్లబడితే అదే అందుకుంటుంది, వెచ్చబడితే అదే ఆగుతుంది. వెలుగు ఉండదు, ఫ్యాన్ హోరు ఉండదు.

ఫ్యాన్ హీటరు రెండు నిమిషాల్లో వేడి గాలి కొడుతుంది, అది దాని గొప్ప. ఆపిన పావుగంటకే గది మళ్లీ మొదటికొస్తుంది. చవక రకాల్లో థర్మోస్టాట్ హీటరు డబ్బా లోపలి వేడిని చూసి ఆగిపోతుంది తప్ప గది వేడితో దానికి పని లేదు. స్నానం చేసి వచ్చి బట్టలు కట్టుకునేంత సేపటికి, పడుకునే ముందు అరగంటకు అది బాగుంటుంది. రాత్రంతా నడపడానికి కాదు.

ఇక నెల లెక్క. 1000 వాట్లు గంట నడిస్తే ఒక యూనిట్. ఆయిల్ హీటరు ఎనిమిది గంటలు పెట్టినా థర్మోస్టాట్ మధ్యమధ్య ఆపుతుంది కనుక రాత్రికి అయిదారు యూనిట్లు, నెలకు 150 నుంచి 180. ఫ్యాన్ హీటరు 2000 మీద అరగంటే వాడితే రాత్రికి ఒక యూనిట్, నెలకు 30. ఈ అదనపు యూనిట్లన్నీ మీ బిల్లులో వాడకం పెరిగేకొద్దీ పెరిగే పై మెట్టు ధరకు పడతాయి, సగటు ధరతో గుణించి మోసపోకండి.

పెట్టె మీద చూడాల్సినవి: 230 వోల్టులు అని ఉండాలి. ఐఎస్ఐ గుర్తు కింద 'సీఎం/ఎల్' అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. రూమ్ హీటర్ల భద్రత ప్రమాణం ఐఎస్ 302 రెండో భాగం, 30వ సెక్షన్. ఆ సీఎం/ఎల్ నంబరును ఫోన్లో, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థ బీఐఎస్ వారి 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, అమల్లో ఉందో లేదో తెలుస్తుంది. దుకాణంలోనే కొట్టి చూడండి, మొహమాటం వద్దు. ఒరిగితే ఆగిపోయే స్విచ్చు, అతివేడికి తెగే కటౌటు ఉండి తీరాలి. పెద్దవాళ్ల గదిలో వైరు దారికి అడ్డంగా పడకూడదు. రాత్రి లేచి బాత్రూముకు వెళ్లే దారిలో హీటరు ఉంటే, అది ఎంత మంచిదైనా లాభం లేదు.

ప్రశ్న: మాది కొరాపుట్ దగ్గర పల్లె, సిమెంటు రేకుల ఇల్లు. నిరుడు 2000 వాట్ల ఫ్యాన్ హీటరు కొన్నాం. గంట పెట్టినా గది వెచ్చబడదు, బిల్లు మాత్రం వస్తోంది. హీటరు నాసిరకమా?

జవాబు: హీటరు తప్పేమీ లేదు, పైకప్పుది. రేకుల ఒంపులకూ గోడకూ మధ్య ఎన్ని సందులున్నాయో పగలు గదిలో దీపం ఆర్పి పైకి చూడండి. వెలుతురు కనిపించిన ప్రతిచోటా మీ వేడి గాలి బయటికి పోతోంది. వేడి గాలి తేలిక, నేరుగా పైకే పోతుంది. పెంకుటిళ్లదీ ఇదే కథ. రేకు నుంచి శ్లాబుకన్నా ఎక్కువ వేడి పోవడం ఒక ఎత్తయితే, గంటకు అనేకసార్లు గదిలో గాలంతా మారిపోవడం ఇంకో ఎత్తు. అక్కడ 2000 వాట్లు పెట్టినా 3000 పెట్టినా అడవి కాచిన వెన్నెలే.

రెండు దారులున్నాయి. మొదటిది, పడకగదికైనా అడ్డు కప్పు వేయించడం. రేకు కింద చెక్క చట్రానికి జిప్సం బోర్డో, ప్లైవుడ్డో కొట్టించి, గోడను తగిలే అంచులు పూడిస్తే అదే గది వేరేలా ఉంటుంది. థర్మోకోల్ మాత్రం పైకి కనబడేలా వద్దు, అది చాలా తేలిగ్గా అంటుకుంటుంది. తలుపు కింద సందుకు పాత చీర చుట్టి పెట్టినా తేడా తెలుస్తుంది.

రెండోది, గదిని వదిలేసి మనిషిని వెచ్చబెట్టడం. పరుపు మీద దుప్పటి కింద పరిచే ఎలక్ట్రిక్ బ్లాంకెట్లు ఒక మనిషివి 60, 70 వాట్లే తీసుకుంటాయి. రాత్రంతా ఉంచినా అర యూనిట్‌కు అటూ ఇటూ. రేకుల ఇంటికి మా ఓటు దీనికే. దాన్ని మడత పెట్టకూడదు, లోపలి తీగ మడత దగ్గరే విరిగి కాలుతుంది. పక్క తడిపే పిల్లలకూ, కాళ్లలో స్పర్శ తగ్గిన షుగర్ రోగులకూ వద్దు. వాళ్లకు పడుకునే ముందు పక్క వెచ్చబెట్టి, ఎక్కాక స్విచ్చు తీసేయండి.

ఉన్న ఫ్యాన్ హీటరును పారేయక్కర్లేదు. కొత్తగా కొనేవాళ్లయితే ఇలాంటి ఇంటికి గాలిని వేడిచేసేదానికన్నా ఎండలా ఎదురుగా తగిలే క్వార్ట్జ్ కడ్డీల హీటరు నయం. 400 వాట్ల కడ్డీలు రెండుంటాయి. కూర్చుని చదువుకునేంత సేపు ఎదురుగా పెట్టుకుంటే చలి తెలియదు. పడుకున్నాక ఆర్పేయాలి.

ప్రశ్న: మల్కన్‌గిరిలో ఉంటాం. దోమతెర లేకుండా నిద్రపోలేం. తెర ఉండగా హీటరు పెట్టుకోవచ్చా?

జవాబు: క్వార్ట్జ్, హాలోజన్ లాంటి ఎర్రగా వెలిగే రకాలు దోమతెర ఉన్న గదిలో పెట్టనే వద్దు. ఇప్పుడొచ్చే తెరలు పాలిస్టరు, పాలిథిలీన్ దారాలవి. ముందు కరిగి, తర్వాత అంటుకుంటాయి, కరిగిన చుక్క ఒంటి మీద పడితే ఊడిరాదు. ఫ్యాన్ గాలికి తెర అంచు ఎగిరి హీటరు జాలీకి తగలడానికి ఎంతో సేపు పట్టదు. ఆయిల్ హీటరయితే తెర అంచును పరుపు కిందికి గట్టిగా దోపి, మంచానికి కనీసం మూడు అడుగుల దూరంలో పెట్టండి. మలేరియా ప్రాంతంలో చలికోసం తెర తీసేయడం మాత్రం వద్దు.

ప్రశ్న: సునాబెడలో పాత ఇంట్లో అద్దెకుంటున్నాం. హీటరు పెట్టిన వారానికే ప్లగ్గు నల్లబడి ఒక కాలు కరిగింది. ఎక్స్‌టెన్షన్ బాక్సు మార్చి చూశాం, అదీ వేడెక్కుతోంది. హీటరు మార్చాలా?

జవాబు: హీటరు అలాగే ఉంచి, ఎక్స్‌టెన్షన్ బాక్సును ముందు తీసి పక్కన పెట్టండి. ఈ ఒక్క ప్రశ్నకు కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే హీటరు ప్రమాదాల్లో చాలావాటికి మొదలు ఇక్కడే.

2000 వాట్ల హీటరు 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు లాగుతుంది. బోర్డు మీద ట్యూబులైటు పక్కనుండే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. పెద్ద కాళ్ల పవర్ ప్లగ్గు 16 ఆంపియర్లది. హీటరుకు పెద్ద ప్లగ్గు ఇచ్చింది ఇందుకే. అది చిన్న సాకెట్టులో పట్టడం లేదని కోసేసి చిన్న ప్లగ్గు బిగించేవాళ్లున్నారు, దుకాణాల్లో దొరికే అడాప్టరు తగిలించేవాళ్లున్నారు. రెండూ ఒకటే తప్పు.

పాత సాకెట్టులో ఇత్తడి పట్టీ వదులై ప్లగ్గు కాలును సగం సగం పట్టుకుంటుంది. ఆ వదులు దగ్గర కరెంటుకు అడ్డు (రెసిస్టెన్స్) ఒక ఓంలో పదో వంతే అనుకోండి. 8.7 ఆంపియర్లు దాని గుండా పోతే ఏడున్నర వాట్ల వేడి అక్కడే, గోరంత జాగాలో పుడుతుంది. వేడికి ఇత్తడి ఇంకా మెత్తబడి ఇంకా వదులవుతుంది, అడ్డు పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. ఫ్యూజుకు ఇదేమీ తెలియదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు. అందుకే ఫ్యూజు పోకుండానే ప్లగ్గు కరుగుతుంది. 'ఫ్యూజు నిలబడింది కదా, పర్లేదు' అనుకోవడం ఇక్కడే దెబ్బతీస్తుంది.

ఎక్స్‌టెన్షన్ బాక్సులో తీగ సన్నం, పైగా చుట్ట చుట్టి మంచం కింద తోసేస్తారు. చుట్టలో వేడి బయటికి పోయే దారి లేక ప్లాస్టిక్ తొడుగు మెత్తబడి తీగలు కలిసిపోతాయి.

చేయించాల్సిన పని ఇది. మీటరు దగ్గర డబ్బా నుంచి పడకగదికి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఎర్తు తీగతో సహా లాగించండి. డబ్బాలో దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతటదే పడిపోయే స్విచ్చు). గదిలో స్విచ్చుతో కూడిన 16 ఆంపియర్ల సాకెట్టు, మంచానికి దూరంగా. గీజరు లైను నుంచి కొక్కెం వేయనివ్వకండి. గీజరు 2000, హీటరు 2000 కలిస్తే 17 ఆంపియర్లు దాటి ఎంసీబీ పడిపోతుంది, అప్పుడు మేస్త్రీ పెద్ద ఎంసీబీ వేస్తానంటాడు, తీగ మాత్రం పాతదే ఉంటుంది. పాత ఇళ్లలో అల్యూమినియం తీగలుంటాయి. వాటికి రాగి తీగను మెలితిప్పి అతికిస్తే ఆ అతుకు కొన్నాళ్లకు వేడెక్కి కాలే ప్రమాదం ఉంది. అతుకు లేకుండా డబ్బా దాకా కొత్తదే వేయించాలి.

అద్దె ఇల్లు కనుక ఖర్చు ఎవరిదన్న మాట రావచ్చు.  యజమానికి కరిగిన ప్లగ్గు చూపించండి, మాటలకన్నా అది పనిచేస్తుంది.

పని అయ్యాక హీటరును అరగంట పూర్తి అంకె మీద నడిపి, ప్లగ్గు వీపు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆనించలేకపోతే సాకెట్టు మళ్లీ విప్పించండి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్చు) లేకపోతే అదీ పెట్టించండి. హీటరుది ఇనుప ఒళ్లు, ఎర్తు తెగితే దాన్ని ముట్టుకున్నవాళ్లకు షాకు తగలొచ్చు.

ఇంకొకటి. మీ బిల్లు మీద మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో చూసుకోండి. దక్షిణ ఒడిశాలో 2021 జనవరి నుంచి కరెంటు ఇస్తున్న టీపీఎస్ఓడీఎల్ బిల్లు మీదా, మహారాష్ట్ర వైపు మహావితరణ్ బిల్లు మీదా ఆ అంకె ఉంటుంది. ఒక కిలోవాటు మంజూరైన ఇంట్లో రెండు కిలోవాట్ల హీటరు పెట్టడం సరికాదు, ముందు లోడు పెంచమని దరఖాస్తు ఇవ్వాలి.

ప్రశ్న: గుణుపురం పక్క పల్లె. సాయంత్రమయ్యేసరికి వోల్టేజి 180కి పడిపోతుంది. హీటరు సరిగా కాలదు. స్టెబిలైజరు పెట్టుకోమంటారా? పోనీ ఇన్వర్టరు మీద నడుస్తుందా?

జవాబు: వోల్టేజి తగ్గితే హీటరు వేడి ఆ వోల్టేజి వర్గం (స్క్వేర్) చొప్పున తగ్గుతుంది. 230కి 2000 వాట్లిచ్చేది 180 దగ్గర 1225 వాట్లే ఇస్తుంది, అంటే దాదాపు నలభై శాతం పోయింది. పాడవదు, మీటరులోనూ అంతే తక్కువ తిరుగుతుంది. ఎక్కువసేపు పెట్టుకోండి, అంతే. స్టెబిలైజరు రెండున్నర కేవీఏది కొన్నా లైను నుంచి ఇంకా ఎక్కువ కరెంటు లాగి పక్కింటివాళ్ల వోల్టేజిని ఇంకా దించుతుంది. వద్దు.

ఇన్వర్టరు సంగతి అసలే కుదరదు. ఇంట్లో సాధారణంగా ఉండే 900 వీఏ ఇన్వర్టరు 700 వాట్లకు మించి మోయదు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద ఉన్నది 1800 వాట్ అవర్లు, అంటే 1.8 యూనిట్లు, చేతికొచ్చేది ఇంకా తక్కువ. కరెంటు పోయే రాత్రులకు రబ్బరు వేడినీళ్ల సంచీ గుడ్డలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోవడమే మేలు.

ప్రశ్న: బల్లార్‌పూర్‌లో ఉంటాం. ఇక్కడ చలికాలంలో బొగ్గు శెగడీ గదిలో పెట్టుకోవడం అలవాటు. కరెంటు హీటరు గదిలోని ప్రాణవాయువును తినేస్తుంది, దానికన్నా బొగ్గే నయమని మా పెద్దాయన అంటారు. నిజమేనా?

జవాబు: పూర్తిగా తలకిందులు. కరెంటు హీటరులో ఏదీ మండదు, కనుక ప్రాణవాయువు ఖర్చు కాదు. ముక్కు ఎండిపోవడం, గొంతు గరగర వేరే సంగతి. 12 డిగ్రీల దగ్గర 70 శాతం తేమ ఉన్న గాలిని 22 డిగ్రీలకు వేడిచేస్తే అందులోని నీరు అంతే ఉన్నా, తేమ శాతం 40 లోపుకి పడిపోతుంది. గాలి ఎండినట్టు అనిపించేది అందుకు. గిన్నెలో నీళ్లు పెడితే పెద్దగా ఫలితం ఉండదు. తడి తువ్వాలు ఒకటి గదిలో ఆరేస్తే కొంత నయం. దాన్ని హీటరు మీద మాత్రం ఆరేయకండి.

మండేది బొగ్గు. మూసిన గదిలో బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కంట నీరు రాదు. పొగ పోయి నిప్పులు ఎర్రగా కణకణలాడుతున్నాయి కదా, ఇక లోపల పెట్టుకోవచ్చు అనుకుంటారు. సరిగ్గా అప్పుడే ఆ వాయువు నిశ్శబ్దంగా పేరుకుంటుంది. మెలకువగా ఉంటే తలనొప్పి, వికారం, కాళ్లు తేలిపోవడం తెలుస్తాయి. నిద్రలో ఏమీ తెలియదు, తెల్లారి లేవరు. ఎవరైనా అలా మగతగా దొరికితే తలుపులు తెరిచి బయట గాలికి తెచ్చి 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టాలి, ఇంట్లో మజ్జిగ తాగించడం లాంటివి పనికిరావు. కుంపటి, శెగడీ, కట్టెల పొయ్యి నిప్పులు, అన్నిటికీ ఇదే. వరండాలో చుట్టూ కూర్చుని కాచుకోండి, పడుకునే ముందు అక్కడే వదిలేయండి.

కరెంటు హీటరున్నా కిటికీ ఒక అంగుళం తెరిచి ఉంచండి. నలుగురు పడుకున్న గదిలో వాళ్ల ఊపిరికే గాలి బరువెక్కుతుంది.

వంటకు వాడే, తీగ చుట్టలు బయటికి కనిపించే కాయిల్ పొయ్యిని గది వేడికి వెలిగించడం కూడా మానేయండి. ఆ తీగలో నేరుగా కరెంటు ఉంటుంది. ఇంట్లో పాకే బిడ్డ ఉంటే దాన్ని అసలు నేల మీద పెట్టకూడదు.

ప్రశ్న: అమ్మాయి పురిటికి పొట్టంగి వచ్చింది. చలి ఎక్కువ. బాలింత గదిలో హీటరు ఎంత మీద పెట్టాలి? కుంపటి వద్దని ఆస్పత్రిలో చెప్పారు.

జవాబు: కుంపటి వద్దన్నవాళ్లు మంచి మాట చెప్పారు. సాంబ్రాణి నిప్పులు కూడా గది బయటే. ప్రసవ గదికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వేడి 25 నుంచి 28 డిగ్రీలు. ఇంటికి వచ్చాక తొలి రోజుల్లో 25కి దగ్గరగా ఉంచగలిగితే చాలు. అందాజుగా కాదు, గోడకు ఒక చవక థర్మామీటరు బిడ్డ పక్క ఎత్తులో తగిలించి చూడండి. బయట 8 ఉంటే 25కి తేడా 17 డిగ్రీలు కనుక పైన మొదటి జవాబులోని గదికి 1500 వాట్లు నిలకడగా పడతాయి. తొమ్మిదో పదకొండో రెక్కల ఆయిల్ హీటరు తీసుకోండి. బిడ్డ పడుకునే చోటికి ఆరు అడుగుల దూరంలో పెట్టండి, ఫ్యాన్ ఉన్న మోడలయితే ఆ ఫ్యాన్ ఆపేయండి. వేడి గాలి నేరుగా బిడ్డ ముఖానికి కొట్టకూడదు.

బిడ్డకు అమ్మ ఒళ్లే అసలు హీటరు. అమ్మ గుండెకు చర్మం తగిలేలా పడుకోబెట్టి, పైన శాలువా కప్పి, తలకు కుల్లా పెడితే గది 22 దగ్గరున్నా ఇబ్బంది లేదు. బిడ్డకు వేడి సరిపోయిందా అని చేతులు పట్టుకుని చూడకండి, అవి ఎప్పుడూ కొంచెం చల్లగానే ఉంటాయి. పొట్ట మీదో, మెడ వెనకో చూడండి. అక్కడ చెమట, ఎరుపు కనిపిస్తే ఒక బట్ట తీసేయండి. పొట్ట కూడా చల్లగా ఉండి, పాలు సరిగా తాగకపోతే హీటరుతో కాలక్షేపం చేయక డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: జయపురంలో ఎండాకాలం ఏసీ ఎలాగూ కావాలి. వేడిగాలి కూడా ఇచ్చే ఏసీ ఉందంటున్నారు. అది కొంటే హీటరు అక్కర్లేదా?

జవాబు: రెండు కాలాలకూ వాడేవాళ్లకు అదే సరైన కొనుగోలు. మిగతా హీటర్లు ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడి ఇస్తే, ఇది బయటి గాలిలోని వేడిని లాగి లోపలికి తెస్తుంది కనుక మన చలికి ఇంచుమించు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. మూడో వంతు ఖర్చు. అన్ని ఏసీలూ ఇలా చేయవు. 'హాట్ అండ్ కోల్డ్' అని, ఇన్వర్టరు రకం ఏసీ అని (బ్యాటరీ ఇన్వర్టరుతో దీనికి సంబంధం లేదు) అడిగి, రిమోట్లో సూర్యుడి బొమ్మ ఉండటమే కాదు, డబ్బా మీద వేడి సామర్థ్యం వాట్లలో వేరుగా రాసుందేమో చూడండి. పది పన్నెండు అడుగుల గదికి ఒక టన్ను చాలు. వేడిగాలి పైకి పోతుంది కనుక రెక్కలు నేలవైపు తిప్పి ఉంచాలి. మంచు పట్టే రాత్రుల్లో అప్పుడప్పుడూ అయిదు, పది నిమిషాలు వేడిగాలి ఆగిపోతుంది. బయటి డబ్బాకు పట్టిన మంచును కరిగించుకుంటోంది, చెడిపోలేదు. అప్పుడు బయటి డబ్బా నుంచి నీళ్లు కారతాయి, ఆ నీళ్లు పోయే దారి మేస్త్రీతో ముందే చెప్పి పెట్టించండి.

ప్రశ్న: సిరొంచలో మాకు హీటరు అవసరమా?

జవాబు: ప్రాణహిత ఒడ్డున చలి రాత్రులు ఎన్నని? మంచి రగ్గు కొనుక్కోండి.

చిల్లర ప్రశ్నలు కొన్ని.

ఏడాది తర్వాత తీసి పెడితే మాడు వాసన వస్తోందని ఇద్దరు రాశారు. అది కడ్డీల మీద పేరుకున్న దుమ్ము. ప్లగ్గు తీసి మెత్తటి కుంచెతో దులిపి, కిటికీ తెరిచి పావుగంట నడిపితే పోతుంది. ప్లాస్టిక్ కాలే వాసన వేరు, అది వస్తే వెంటనే ఆపాలి.

ఫ్యాన్ హీటరు అయిదు నిమిషాలకోసారి ఆగి మళ్లీ మొదలవుతోందంటే వెనక జాలీ మూసుకుపోయి ఉంటుంది, లేదా ఫ్యాన్ ఇరుసు బిగిసి నెమ్మదిగా తిరుగుతుంటుంది. గాలి చాలక లోపల వేడెక్కి కటౌటు తెగుతోంది. జాలీ శుభ్రం చేసినా అలాగే ఉంటే ఫ్యాన్ చూపించండి. కటౌటును దాటేసి నేరుగా తీగ కలుపుతానన్న మేస్త్రీకి ఆ హీటరు ఇవ్వకండి.

ఆయిల్ హీటరు రాత్రి టకటకమంటే భయం లేదు, రెక్కలు వేడికి సాగి చల్లదనానికి కుంచించుకునే చప్పుడు అది. అందులో నూనె ఎప్పుడూ మార్చక్కర్లేదు, పోయక్కర్లేదు. ఊరి నుంచి బస్సు మీద పడుకోబెట్టి తెచ్చినట్టయితే, నిలబెట్టి గంట ఆగి వెలిగించండి. కింద నేల మీద నూనె చుక్క కనిపిస్తే మాత్రం ఆ పూటే ప్లగ్గు పీకేయండి. ఎంసీల్ పెట్టి పూడ్చడం జరిగే పని కాదు. వారంటీ ఉంటే దుకాణానికి, లేకపోతే పాతసామాన్లవాడికి.